పద్నాలుగో ట్యూబు

మా ల్యాబులో ఒక పద్ధతి ఉంది. రిపోర్టులో ఏ అంకె తేడాగా కనిపించినా ముందు మనల్ని మనం అనుమానించుకోవాలి. ట్యూబు మారిందా, లేబుల్ తప్పు పడిందా, పిపెట్‌లో గాలి బుడగ దూరిందా అని చూసుకోవాలి. ఆ తర్వాత మెషీన్ని అనుమానించాలి. ఈ రెండూ అయ్యాకే మనిషిని. నేను ఉద్యోగంలో చేరిన రోజునే సీనియర్ టెక్నీషియన్ ఈ మాట చెప్పి, నా చేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నారు. ఆయన్ని ల్యాబులో అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన రక్తం తీస్తే సూది గుచ్చినట్టు తెలిసేలోపే దూది పెట్టేస్తారు. ఆయన జోకులు మాత్రం అంత తొందరగా అయిపోవు.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని నేనే. అమ్మ ఒక పెద్ద హోటల్ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. నాన్న అదే హోటల్లో లిఫ్టులు చూసుకుంటారు. ఏదైనా కాగితం ఇంటికొస్తే చదివి చెప్పేది నేను, నింపేది నేను, "ఇక్కడ సంతకం పెట్టు" అని వేలు పెట్టి చూపించేదీ నేనే. పదో తరగతి నుంచి అలవాటైన పని అది. అందులో తప్పేమైనా ఉందని నాకెప్పుడూ తోచలేదు.

ఆ ఏడాది మా ల్యాబుకి కొత్త పరీక్ష వచ్చింది. గుండె తయారుచేసే హార్మోన్ ఒకటి ఉంటుందట, దాని జాడ రక్తంలో ఎంత ఉందో కొలవాలి. మా ల్యాబు పెద్ద డాక్టరమ్మ, మేం మేడమ్ అంటాం, మమ్మల్నందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పారు.

"గుండె పంపు కదా మేడమ్, దానికి హార్మోన్ ఎక్కడిది?" అన్నాను.

"పంపే. కానీ నోరున్న పంపు," అన్నారు మేడమ్. "దాని గోడలు సాగినా, లోపల ఒత్తిడి పెరిగినా ఊరుకోదు. ఓ హార్మోన్ని రక్తంలోకి వదుల్తుంది. ఆ కబురు కిడ్నీలకి అందుతుంది. ఉప్పూ నీళ్లూ బయటికి పంపించండి, నామీద బరువు తగ్గించండి అని. మనం కొలిచేది ఆ కబురుని కూడా కాదు. హార్మోన్ తయారయ్యేటప్పుడు తెగి పక్కన పడే ముక్క ఒకటుంది. ఉత్తరం తీసుకున్నాక పారేసిన కవరు లాంటిది. కవర్లు లెక్కపెడితే ఎన్ని ఉత్తరాలు వెళ్లాయో తెలిసిపోతుంది కదా."

బాబాయ్ చెయ్యెత్తారు. "మా ఆవిడకి నేను రాసిన ఉత్తరాల కవర్లు కూడా ఇలాగే మా మావగారు లెక్కపెట్టారు మేడమ్."

మేడమ్ నవ్వలేదు, నవ్వు ఆపుకున్నారు. "బయటికి ఏ బాధా లేకుండా తిరుగుతున్నవాళ్లలో కూడా ఈ అంకె ఎక్కువుంటే ముందు ముందు గుండె జబ్బు గానీ పక్షవాతం గానీ వచ్చే అవకాశం ఎక్కువ. వచ్చి తీరుతుందని కాదు. వయసు వల్లా పెరుగుతుంది, కిడ్నీ బాగోకపోయినా పెరుగుతుంది. ఓసారి లోపల చూసుకోండి అని చెప్పడం, అంతే."

కొలత పికోగ్రాముల్లో. ఒక గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. లక్ష కోట్లు అనే అంకె నేను అప్పటిదాకా వార్తల్లో వినడమే. అంత చిన్నదాన్ని పట్టుకునే మెషీను మా కిటికీ పక్కన, బాబాయ్ టీ కప్పుకి జానెడు దూరంలో కూర్చుని ఉంది. ఆ రోజు సాయంత్రం దాని మీద కప్పే గుడ్డ సర్దుతుంటే, ఎందుకో చేతులు కడుక్కుని వచ్చి సర్దాలనిపించింది.

కొత్త పరీక్షని రోగుల మీద వాడే ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంతో సరిచూసుకోవాలి. యాభై దాటినవాళ్లు, మందులు వాడనివాళ్లు ఇరవై మంది కావాలన్నారు మేడమ్. పద్దెనిమిది మంది దొరికారు. మిగతా ఇద్దరి కోసం వెతుకుతుంటే నేను గొప్పగా చెప్పాను. "మా అమ్మని తీసుకొస్తాను మేడమ్. యాభై ఎనిమిదేళ్లు. ఇప్పటిదాకా తలనొప్పికి కూడా మాత్ర వేసుకోలేదు."

అమ్మ లాండ్రీ నుంచి నేరుగా వచ్చింది, చేతులకింకా ఆవిరి వాసన. కళ్లజోడు పని దగ్గరే మర్చిపోయింది. నేను ఫారం తీసి, నా జేబులో ఉన్న ఆకుపచ్చ పెన్నుతో గబగబా నింపుతూ పోయాను. వయసు, బరువు, పని. చివర్లో ఒక ప్రశ్న ఉంది.

"ఊహించని ఫలితం ఏదైనా కనిపిస్తే మీకు తెలియజేయమంటారా? అవునా, వద్దా?" చదివాను.

"నాకేం రోగమొచ్చిందని తెలియజెయ్యడానికి? వద్దని కొట్టు. తొందరగా కానీ, అక్కడ కర్టెన్లు కుప్పపడి ఉన్నాయి," అంది అమ్మ.

నేనూ నవ్వి "వద్దు" దగ్గర టిక్కు పెట్టాను. అమ్మ సంతకం చేసింది. మా వాళ్ల రక్తం మేం తీయకూడదు గనక బాబాయ్ తీశారు.

"అమ్మాయి ఇంట్లో ఎలా ఉంటుందండీ?" అనడిగారు సూది పెడుతూ.

"ఇంట్లో కూడా గ్లవ్సు వేసుకునే అన్నం తింటుందేమోనని భయంగా ఉంది బాబూ," అంది అమ్మ. అప్పటికి దూది పెట్టేశారు.

ట్యూబుల మీద పేర్లు ఉండవు. మేడమే స్వయంగా ఒకటి నుంచి ఇరవై దాకా నంబర్లు అంటించి, ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా తన సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు.

మర్నాడు పొద్దున ఇరవై ట్యూబులూ మెషీన్లో పెట్టాను. ముప్పై ఒకటి, యాభై నాలుగు, డెబ్భై, నలభై ఆరు. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. నూట పాతిక దాటకూడదు, ఏదీ నూట పది దాటలేదు. నాకు పొంగుగా ఉంది. పద్నాలుగో ట్యూబు దగ్గర వెయ్యిన్నీ నూట ఎనభై ఆరు అని పడింది.

మా పద్ధతి ప్రకారం ముందు నన్ను నేను అనుమానించుకున్నాను. రక్తంలోంచి పసుపు నీళ్లు వేరుపడేలా ట్యూబుని సరిగా గిర్రున తిప్పలేదేమో. మళ్లీ తిప్పి మళ్లీ పెట్టాను. వెయ్యిన్నీ నూట డెబ్భై తొమ్మిది.

"నీ చెయ్యి వణికింది," అన్నారు బాబాయ్. ఈసారి ఆయనే చేశారు. వెయ్యిన్నీ నూట తొంభై రెండు.

"మీ చెయ్యి కూడా వణికినట్టుంది బాబాయ్."

"నోరు మూసుకుని కంట్రోల్ ట్యూబులు తీసుకురా."

కంట్రోలంటే ముందే విలువ తెలిసిన రక్తం, మెషీను నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి. అది చుక్క తేడా లేకుండా సరిగ్గా వచ్చింది. సగానికి పలచన చేసి పెడితే సగం అంకె వచ్చింది. పావుకి పలచన చేస్తే పావు. ఎక్కడ పట్టుకున్నా జారడం లేదు ఆ అంకె. కిడ్నీ పరీక్ష కూడా చేశాం, కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం మానేసి ఆ ట్యూబుని వెలుతురులో పెట్టి చూశాను. పక్కనున్న పదమూడో దానిలాగే, పదిహేనో దానిలాగే లేత పసుపు రంగు నీళ్లు. రంగులో తేడా లేదు, ఏ మచ్చా లేదు. ఎవరో ఒక మనిషి ఈ ఊళ్లోనే ఎక్కడో పని చేసుకుంటూ ఉంటారు, నవ్వుతూ ఉంటారు, వాళ్ల గుండె మాత్రం ఆగకుండా ఉత్తరాలు రాస్తోంది. ఆ సంగతి వాళ్లకి తెలీదు. నా రెండు వేళ్ల మధ్యకి వచ్చింది.

నన్నూ మెషీన్నీ అనుమానించడం అయిపోయింది. ఇక మనిషే మిగిలారు.

మేడమ్ గదికి వెళ్లి కాగితాలన్నీ బల్ల మీద పరిచాం. మేడమ్ సొరుగు తెరిచి జాబితా చూశారు, ఫారాల కట్టలోంచి ఒకటి బయటికి లాగారు. కింది దాకా చదివారు.

"తెలియజేయవద్దు అని టిక్కు పెట్టారు," అన్నారు.

"వద్దంటే వద్దేనా మేడమ్? ఇల్లు తగలబడుతుంటే తలుపు కొట్టొద్దన్నారని ఊరుకుంటామా?" అన్నారు బాబాయ్.

నాకది నచ్చలేదు. నేను చదువుకున్నది వేరు. "అలా కాదు బాబాయ్. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా మనిషికి ఉంటుంది. అందుకే కదా ఆ ప్రశ్న పెట్టింది. వాళ్లు ఆలోచించుకునే రాసి ఉంటారు. మన భయం కొద్దీ వాళ్ల మాట తీసి పక్కన పెడితే ఇక ఫారం ఎందుకు? రూలు రూలే మేడమ్. ఇరవైలో ఒక అంకె దారి తప్పితే పక్కన పెట్టొచ్చని పద్ధతుల పుస్తకంలో ఉంది. పక్కన పెట్టేద్దాం."

ఇవి అచ్చంగా నేనన్న మాటలే. ఒక్కటీ మార్చలేదు.

మేడమ్ నావైపు చూసి, ఫారం పైభాగం మీద అరచెయ్యి వేసి మూసి, కింది భాగం మాత్రం నావైపు తిప్పారు. "ఈ ఫారం నింపింది ఎవరు?"

ఆకుపచ్చ టిక్కు. ల్యాబులో ఆకుపచ్చ పెన్ను వాడేది నేనొక్కదాన్నే. ఇరవై మందిలో నేను నింపింది ఒక్క ఫారమే.

బాబాయ్ కుర్చీ జరిపారు. కూర్చున్నాను.

"నేను ఏమీ చెప్పలేదు, నువ్వు ఏమీ చూడలేదు," అన్నారు మేడమ్, మెల్లగా. "కానీ మనిషి తన చేత్తో నింపని ఫారం చెల్లదు. చదవడం కష్టమైతే సంబంధం లేనివాళ్లెవరైనా చదివి వినిపించాలి. ఆ రూలు కూడా ఆ పుస్తకంలోనే ఉంది, పదకొండో పేజీ. రేపు మళ్లీ నింపించుకుందాం. నేనే చదువుతాను. నువ్వు పక్కన కూర్చోవచ్చు. నోరు విప్పకూడదు. ముఖంతో కూడా ఏమీ చెప్పకూడదు."

"మళ్లీ వద్దంటే మేడమ్?"

"అంటే నువ్వు ఇందాక చెప్పిందే. వాళ్ల హక్కు."

ఆ రోజు ఇంట్లో అమ్మ నాకు వడ్డిస్తుంటే చెయ్యి చూశాను. మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చ, దాని కింద నాడి. పట్టుకుని చూడాలని ఉంది. చూడలేదు. పట్టుకుంటే అడుగుతుంది, అడిగితే చెప్పేస్తాను.

"ఏంటే, పరీక్ష తప్పినట్టు మొహం పెట్టావు?" అంది.

"ఫారంలో నాదే తప్పు. రేపు ఓసారి మళ్లీ రావాలి."

"మళ్లీ సంతకమా? మొదటిది అరిగిపోయిందా?"

"డిగ్రీ చదివినవాళ్లు కూడా తప్పు చేస్తారన్నమాట," అన్నారు నాన్న, చాలా సంతోషంగా.

మర్నాడు అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. మేడమ్ ఫారం అమ్మ ముందు పెట్టి ఒక్కో లైనూ చదివారు. అమ్మ ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, తనకి తెలిసినంత కూడబలుక్కుంటూ నింపింది. "పని" దగ్గర "ఇస్త్రీ" అని రాయడానికి నిమిషం పట్టింది. రాసి తలెత్తి నన్ను చూసింది. నేను చేతులు కడిగే తొట్టి కుళాయి వైపు చూస్తూ కూర్చున్నాను. అందులోంచి నీటి చుక్క ఒకటి ఎంతకీ పడటం లేదు.

"ఊహించని ఫలితం ఏదైనా కనిపిస్తే మీకు తెలియజేయమంటారా? ఇది మీ ఇష్టం అమ్మా. వద్దన్నా మాకేం కోపం లేదు," అన్నారు మేడమ్.

అమ్మ పెన్ను ఆపింది. "మొన్న వద్దన్నాను."

"అవును. ఈ రోజు మళ్లీ అడుగుతున్నాను."

అమ్మ మేడమ్‌ని చూసింది, నన్ను చూసింది. "ఇది ఏడో క్లాసులో లెక్కల పేపరు దిండు కింద దాచినప్పుడు కూడా ఇలాగే కుళాయి వైపు చూసింది," అంది.

నేను కదల్లేదు. కుళాయి చుక్క పడింది.

అమ్మ కళ్లజోడు సర్దుకుంది. "చూడండమ్మా. ముప్పై ఏళ్లుగా వేల దుప్పట్లు ఇస్త్రీ చేశాను. ఏ దుప్పటి ఎక్కడ చిరిగిందో, ఏ కర్టెన్‌కి ఏ మూల మరక ఉందో నేను చెప్తే జనం వింటారు. నా గురించి చెప్పడానికి ఎవరి దగ్గరా ఎప్పుడూ ఏమీ లేదు. ఇప్పుడు ఇంత చదువుకున్నవాళ్లు కూర్చుని నా గురించి ఏదో కనుక్కున్నారంటే వినకుండా ఎలా పోతాను?" అని "అవును" పక్కన టిక్కు పెట్టింది. ఒకటి చాలదన్నట్టు దాని కింద గీత కూడా గీసింది.

అప్పుడు మేడమ్ చెప్పారు. గుండె హార్మోన్ గురించి, కబురు గురించి, కవరు గురించి. అమ్మ భయపడుతుందనుకున్నాను. అమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"అంటే మా బాయిలర్ లాగా అన్నమాట. ఆవిరి ఎక్కువైతే పైన వాల్వు కూత పెడుతుంది. అది వినగానే మేమందరం చేతిలో పని పడేసి పరిగెత్తుతాం. నా గుండె కూడా కూత పెడుతోందా?"

"చాలా చిన్న కూత," అన్నారు మేడమ్.

"ఎంత చిన్నది?"

మేడమ్ నావైపు చూసి తలూపారు, ఇక మాట్లాడొచ్చని. "మీ దగ్గర సబ్బు నానబెట్టే యాభై లీటర్ల డ్రమ్ము ఉంది కదమ్మా. దాన్నిండా నీళ్లు పోసి, సన్న ఉప్పులో ఒకే ఒక్క రవ్వ వేసి కలిపితే ఆ ఉప్పు ఎంతుంటుందో, నీ రక్తంలో అది దాదాపు అంత. మామూలు మనిషికి అయితే అందులో పదో వంతు కూడా ఉండదు."

అమ్మ నోరు కొంచెం తెరుచుకుంది. డ్రమ్ము, ఉప్పు రవ్వ, రెండూ ఆమెకి చేతితో తెలిసినవి. "అది మీకు వినిపించిందా?" అంది.

ఆ వారమే గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాం. పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగా వచ్చింది. అమ్మ నావైపు కనుబొమలు ఎగరేసింది. కానీ గుండె డాక్టరు తేలిగ్గా తీసుకోలేదు. "అది పది సెకన్ల ఫొటో అమ్మా. నాకు రోజంతా కావాలి," అని అమ్మ ఛాతీకి అయిదు వైర్లు అంటించి, నడుముకి చిన్న పెట్టె కట్టి, ఒక నోటు పుస్తకం ఇచ్చారు. ఆ రోజు ఎప్పుడేం చేసిందో, ఎప్పుడేమనిపించిందో అందులో రాయాలి.

నేను పెన్ను తీయబోతే అమ్మ పుస్తకం లాక్కుంది. "నువ్వు నింపినవి చెల్లవట కదా."

పెట్టె కట్టుకునే పనికి వెళ్లింది. లాండ్రీలో ఆ రోజంతా అదే ముచ్చటట. నాన్న లిఫ్టులోంచి దిగి మరీ చూసి వచ్చారు. "మీ అమ్మ వైర్లతో అచ్చం నా లిఫ్టు లాగా ఉంది," అన్నారు.

మరుసటి రోజు గుండె డాక్టరు పెట్టెలో రాసుకున్నదంతా తెర మీద పరిచారు. లక్ష పై చిలుకు గుండె చప్పుళ్లు, ఒక్కటీ తప్పిపోకుండా. వరసగా నాటిన మొక్కల్లా సమంగా నడుస్తున్నాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఒకచోట వరస చెదిరిపోయింది. దగ్గర దగ్గరగా, దూరం దూరంగా, ఒక లెక్కా పత్రం లేకుండా. అలా నలభై మూడు నిమిషాలు. మళ్లీ ఏమీ ఎరగనట్టు సమంగా.

"మూడు గంటల పది నిమిషాలకి ఏం చేస్తున్నారమ్మా?"

అమ్మ నోటు పుస్తకం తెరిచింది. వంకర అక్షరాలతో ఉంది. "మూడు గంటలు. పొడుగు కర్టెన్లు. పిట్ట వచ్చింది." కింద ఇంకో లైను. "నాలుగుకి ముందు. పిట్ట పోయింది."

"పిట్ట ఏంటమ్మా?"

అమ్మ కాస్త సిగ్గుపడింది. "ఇక్కడ లోపల రెక్కలు కొట్టుకున్నట్టు ఉంటుంది బాబూ. రెండేళ్లుగా వస్తోంది, పోతోంది. ఆవిరి వేడికి అనుకున్నాను. పిట్టొచ్చిందని ఎవరికి చెప్పుకుంటాం?"

నా ట్యూబులో అంకె, డాక్టరు తెర మీద గీత, అమ్మ పుస్తకంలో పిట్ట. మూడూ ఒకదానికొకటి తెలీకుండా ఒకే సంగతి చెప్పాయి. రెండేళ్లు ఆ పిట్ట నా పక్కనే అన్నం వడ్డించింది.

డాక్టరు విడమరచి చెప్పారు. గుండె పై గదులు అప్పుడప్పుడూ కొట్టుకోవడం మాని వణుకుతున్నాయి. వణికినప్పుడు అందులో రక్తం నిలిచిపోతుంది, నిలిస్తే గడ్డ కట్టొచ్చు, ఆ గడ్డ మెదడుకి వెళితే పక్షవాతం. "చెయ్యో కాలో పడిపోయాక వస్తారమ్మా చాలామంది. మీరు నడిచి వచ్చారు. గడ్డ కట్టకుండా మందుంది. రోజూ వేసుకోవాలి, మానకూడదు."

"మాత్రలే వేసుకోని మనిషినని ఇది ఊరంతా చెప్పుకుంది. ఇప్పుడు దీని పరువేం కాను?" అంది అమ్మ నన్ను చూపిస్తూ.

మా నివేదికలో మేడమ్ పద్నాలుగో అంకెని కొట్టెయ్యలేదు. సరిచూసే లెక్కలోంచి తీసి పక్కన పెట్టి, కింద ఒక లైను రాశారు: ఈ ఫలితం సరైనదే, ఈ మనిషికి వైద్యం అందుతోంది. ఫారం నింపే చోట ఇప్పుడు ఒక అట్ట వేలాడుతోంది. బంధువుల ఫారాలు బంధువులు నింపరాదు. అది రాసింది నేనే, ఆకుపచ్చ పెన్నుతో.

ఆరు నెలలయ్యాక అమ్మ మళ్లీ రక్తం ఇవ్వడానికి వచ్చింది. అంకె మూడు వందల లోపుకి దిగింది. వెళ్లబోతూ ఆగి, "ఆ పాతది ఇంకా ఉందా?" అనడిగింది. ఉంది. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్లో, ఇరవై ట్యూబుల వరసలో. బాబాయ్ దళసరి గ్లవ్సు వేసుకుని తలుపు తీశారు. తెల్లటి పొగ నేల మీదకి జారింది. ఆయన రెండు వేళ్లతో పద్నాలుగో ట్యూబు పైకి తీసి పట్టుకున్నారు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి చూసింది. మంచు పట్టిన గాజులో వేలి గోరంత గడ్డకట్టిన పసుపు.

"ఇంతేనా?" అంది గుసగుసగా, లోపలున్నవాళ్లకి నిద్రాభంగం అవుతుందేమో అన్నట్టు. ఎడం చెయ్యి దానంతటదే వెళ్లి గుండె మీద ఆనింది. అలా ఎంతసేపు చూసేదో. ట్యూబు మీది మంచు ఆమె ఊపిరికి ఒకచోట కరగడం మొదలెట్టింది.

అమ్మ గబుక్కున వెనక్కి జరిగింది. "లోపల పెట్టెయ్యండి బాబూ, లోపల పెట్టెయ్యండి. కరిగిపోతుంది."